తుమ్మికి చిరంజీవ

మా ఇంట్లో ఎవరు తుమ్మినా నాయనమ్మ వెంటనే "చిరంజీవ" అంటుంది. అందుకే నిరుడు కార్తీకంలో ఆమె ఫోన్ చేసి "అమ్మాయ్, వచ్చేటప్పుడు తుమ్మి తెస్తావా" అని అడిగితే నాకేం అర్థం కాలేదు. తుమ్మి తేవడమేంటి? తర్వాత తుమ్మచెట్టు గుర్తొచ్చింది. ఈ వయసులో ఈమెకి ముళ్లకంపతో ఏం పని అనుకున్నా.

"తుమ్మ కాదే, తుమ్మి. గట్ల మీద జానెడు మొక్క, తెల్లటి పూలు ఉంటాయి చూడు. సోమవారం శివుడికి పెట్టాల. మన గట్టు మీద ఒక్కటంటే ఒక్కటి లేదు. మీ కాలేజీ చుట్టూ బీడే గదా, అక్కడేమన్నా దొరుకుద్దేమో చూడు."

మాది కోటప్పకొండ కనిపించే ఊరు. ఇంటి ముందు నిలబడితే త్రికూటేశ్వరుడి కొండ కనిపిస్తుంది. ఆ దేవుడికి ఇష్టమని చెప్పుకునే పువ్వు, ఎవరూ విత్తకుండా నీళ్లు పోయకుండా వానకి మొలిచే పువ్వు, మా చేను గట్ల మీద ఒక గుప్పెడు కూడా దొరకలేదు. కాలేజీలో మాత్రం దొరికింది. ఎక్కడంటారా? వర్క్‌షాప్ వెనకాల, సివిల్ వాళ్లు కంప్రెషన్ టెస్టు చేసి పగిలిపోయాక పారేసిన కాంక్రీట్ క్యూబుల మధ్య. మూడేళ్లుగా ఆ దారిన క్యాంటీన్‌కి షార్ట్‌కట్‌లో పోతున్నా, ఒక్కసారి కూడా కిందకి చూడలేదు.

కూర్చుని చూస్తే అదొక చిన్న ఎయిర్‌పోర్టు. తుమ్మి తులసి కుటుంబం మొక్క. కాండం తులసిలాగే నాలుగు పలకలుగా ఉంటుంది. ఆకుల దగ్గర కాండం చుట్టూ బంతిలాగా గుత్తి కడుతుంది. గుత్తిలోంచి తెల్లటి పూలు బయటికి వస్తాయి. ఒక్కో పువ్వుకి రెండు పెదవులు. కింది పెదవి పొడుగ్గా ముందుకి చాచి ఉంటుంది, అది ల్యాండింగ్ ప్యాడ్. పై పెదవి నూగుతో చిన్న టోపీలాగా ఉంటుంది, దాని కింద పుప్పొడి. తేనె లోపల గొట్టం అడుగున. తేనెటీగ ప్యాడ్ మీద వాలి తల లోపలికి దూరుస్తుంది. టోపీ కింది పుప్పొడి దాని తలకీ వీపుకీ అంటుకుంటుంది. తర్వాతి పువ్వుకి అదే మోసుకెళ్తుంది. సెన్సర్ లేదు, కోడ్ లేదు. నేను అక్కడ కూర్చున్న పావుగంటలో చిన్న తేనెటీగలు, రెండు రకాల సీతాకోకచిలుకలు, పొట్ట మీద నీలి చారలున్న ఒక తేనెటీగ వచ్చి వెళ్లాయి. మన మెయిన్ బ్లాక్ ముందున్న లాన్‌లో ఇంకో పావుగంట కూర్చున్నా. ఈగలు వచ్చాయి, నా సమోసా కోసం.

ఆ లాన్ సంగతి కొంచెం మాట్లాడుకుందాం. దానికి రోజూ రెండు పూటలా నీళ్లు. వారం వారం మిషన్. మన సీనియర్లు మినీ ప్రాజెక్టుగా దానికి ఆర్డునో పెట్టి, సాయిల్ మాయిశ్చర్ సెన్సర్ గుచ్చి, స్మార్ట్ ఇరిగేషన్ చేశారు. మా బ్యాచ్ కూడా అదే చేసింది. మా జూనియర్లూ అదే చేస్తారు, రాసిపెట్టుకోండి. లాన్ చుట్టూ డ్యురాంటా, కోనోకార్పస్. సాగర్ కుడి కాలువ అందని చోట వాన కోసం ఆకాశం వైపు చూసే జిల్లా మనది. ఇక్కడ మనం తెలివంతా పెట్టి నీళ్లు పోస్తున్నది ఒక్క పురుగుకి కూడా అన్నం పెట్టని గడ్డికి.

నేను చెప్పదలుచుకున్నది సూటిగా చెప్తాను. మన క్యాంపస్‌లో ఒక సెంటు నేల తుమ్మికి వదలాలి. వదలడమంటే గార్డెన్ అని పేరు పెట్టి రిబ్బన్ కత్తిరించడం కాదు. తొలకరి నుంచి గింజ రాలేదాకా, అంటే జూన్ నుంచి డిసెంబరు దాకా, అక్కడ మిషన్ తిరగకూడదు, మందు పడకూడదు. నేను అడిగేది స్థలం కన్నా ఎక్కువగా ఆ ఏడు నెలల టైమ్.

ఎందుకంటే తుమ్మి ఏడాది మొక్క. గరికని తీసుకోండి. మీరు పైన కోసినా కింద దుంపవేరు ఉంటుంది, మళ్లీ లేస్తుంది. తుమ్మికి ఆ సౌకర్యం లేదు. వానకి మొలిచి, పూసి, గింజ కట్టి, ఎండకి ఎండిపోతుంది. దాని ఆస్తంతా ఆ గింజే. ఒక్కో పువ్వు రాలాక దాని గిన్నె అడుగున నాలుగు చిన్న గింజలు ఉంటాయి. అవి నేలలో పడి ఉండడం బ్యాంకులో డబ్బు ఉండడం లాంటిది. ప్రతి వానకీ కొంత విత్‌డ్రా అవుతుంది. గింజ కట్టకముందే కోసేస్తే ఆ ఏడాది డిపాజిట్ లేదు. వరసగా కొన్నేళ్లు అలాగే చేస్తే ఖాతా జీరో. ఎవరూ తుమ్మిని పగబట్టి చంపలేదు. ప్రతి ఏడాదీ సెప్టెంబరులో శుభ్రం చేశారు, అంతే.

మా గట్టు మీద జరిగింది కూడా ఇదే. మాకు మిరప, పత్తి. ఒకప్పుడు చేలో గుంటక తోలి, మనుషుల్ని పెట్టి కలుపు తీయించేవాళ్లు. గట్టు జోలికి ఎవరూ పోయేవాళ్లు కాదు, గొడ్లు మేసేవి. ఇప్పుడు గొడ్లూ లేవు, కలుపు తీసే మనుషులూ దొరకరు. గడ్డిమందు ట్యాంకులో ఎలాగూ మిగులుతుంది, ఆ మిగిలింది గట్టు మీద కొట్టేస్తారు. గ్లైఫోసేట్ లాంటి మందు ఆకు మీద పడితే వేరు దాకా పోతుంది. పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ దాన్ని వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఆంక్ష పెట్టింది. చేలల్లో కలుపు సమస్య మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఈ మాట ఇంట్లో అంటే నాన్న ఊరుకోలేదు.

"ఏందమ్మా, తుమ్మి అని పేరు పెట్టినంత మాత్రాన కలుపు కలుపు కాకుండా పోద్దా? మనిషిని పెట్టి తీయిస్తే ఏం మిగులుద్ది మనకి? నల్ల తామర వచ్చిన ఏడు మర్చిపోయావా?"

మర్చిపోలేదు. 2021 చివర్లో నల్ల తామర పురుగు రెండు తెలుగు రాష్ట్రాల మిరపని ఊడ్చేసింది. పువ్వులో చేరి రసం పీల్చేస్తుంది, పువ్వు రాలిపోతుంది. మా చేలో పూత అంతా నేల మీద ఉండేది. నాన్న పొద్దున్నే పోయి మొక్క పక్కన కూర్చుని పువ్వు అరచేతిలో దులిపి చూసేవాడు. నల్లగా, సన్నగా కదిలేవి. ఏ మందు కొట్టినా పోలేదు. ఆ ఏడు నేను ఇంటర్. కాలేజీ ఫీజు సంగతి ఇంట్లో ఎవరూ పైకి మాట్లాడలేదు. అలాంటి మనిషి దగ్గరకి పోయి "పురుగుల కోసం పువ్వులు పెంచుదాం నాన్నా" అంటే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

అందుకే పర్యావరణం మీద మన కాలేజీల్లో జరిగే వక్తృత్వ పోటీల భాష నాకు నచ్చదు. "రైతులు మందులు మానాలి" అని ఏసీ సెమినార్ హాల్లో చెప్పడం తేలిక. చేలో తుమ్మి ఉంటే అది కలుపే. పైరు తినాల్సిన ఎరువు తింటుంది, పైరు తాగాల్సిన నీళ్లు తాగుతుంది. నాన్న మాటలో న్యాయం ఉంది. మా ఇద్దరికీ తేడా గట్టు దగ్గర వచ్చింది. గట్టు మీద పంట లేదు. అక్కడ కొట్టే మందుకి కారణం "ట్యాంకులో మిగిలింది" తప్ప ఇంకేం లేదు.

నాన్నని కదిలించింది నా ఉపన్యాసం కాదు, అమ్మ గుమ్మడి పాదు. గుమ్మడికీ దోసకీ మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. మధ్యలో తేనెటీగ తిరగకపోతే పిందె పసుపెక్కి రాలిపోతుంది. మా దొడ్లో రెండేళ్లుగా అమ్మే పొద్దున లేచి మగపువ్వు కోసి, రేకులు తీసేసి, ఆడపువ్వులో రుద్దుతోంది. తేనెటీగ ఫ్రీగా చేసే పని మా అమ్మ చేస్తోంది. మిరప తనంతట తానే ఎక్కువభాగం కాయ కట్టుకుంటుంది కాబట్టి నాన్నకి ఈ లోటు చేలో తెలియలేదు, దొడ్లో తెలిసింది. కందిపువ్వు మీద తేనెటీగలు బాగా తిరిగితే కాయ బాగా పడుతుందని ఆయనకే తెలుసు. ప్రపంచం మొత్తం మీద చూసినా 115 ముఖ్యమైన ఆహార పంటల్లో 87 పంటలు ఎంతో కొంత ఇలా జీవుల మీద ఆధారపడ్డవేనని 2007లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క తేల్చింది.

వంకాయ సంగతి ఇంకా చిత్రం. వంగపువ్వులో పుప్పొడి ఉప్పుడబ్బాలో ఉప్పులాగా ఉంటుంది, చివర చిన్న రంధ్రం, అంతే. ఊపితేనే రాలుతుంది. తుమ్మెద, ఇందాక చెప్పిన నీలి చారల తేనెటీగ ఆ పువ్వుని పట్టుకుని ఒళ్లంతా ఝుమ్మని వణికిస్తాయి. ఆ ఫ్రీక్వెన్సీకి పుప్పొడి రాలుతుంది. పెట్టెల్లో పెంచే తేనెటీగలకి ఈ విద్య రాదు. అంటే తేనెపెట్టెలు కొని తెచ్చుకుంటే సరిపోదు, మన నేలలో బొరియలు చేసుకుని బతికే ఒంటరి తేనెటీగలు కూడా ఉండాలి. వంగ పూయని నెలల్లో వాటికి వేరే తిండి కావాలి. గట్టు మీద తుమ్మి చేసే పని ఇదే. పువ్వుకీ పురుగుకీ మధ్య నడిచే ఈ లెక్కల మీద మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే సి. సుబ్బారెడ్డి, ఆలూరి జేకబ్ సోలమన్ రాజు లాంటి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ సంగతి మన బయాలజీ పుస్తకంలో ఎక్కడా చదివిన గుర్తు లేదు నాకు.

"అయితే తుమ్మే ఎందుకు? ఆన్‌లైన్‌లో వైల్డ్‌ఫ్లవర్ ప్యాకెట్లు దొరుకుతాయిగా" అని నా రూమ్మేట్ అడిగింది. నిజం చెప్తే మొదట నేను కూడా అదే కొన్నా. రంగురంగుల బొమ్మ, లోపల కాస్మోస్, జిన్నియా. రెండూ మెక్సికో వైపు నుంచి వచ్చినవే. ఆ మాటకొస్తే మన బంతిపువ్వూ అక్కడిదే. పురుగులు పువ్వుని ఆధార్ కార్డు అడగవు, నిజమే. బీడులో పూసే గడ్డిచామంతి కూడా పైదేశపు మొక్కే, సీతాకోకచిలుకలు హాయిగా వాలతాయి దాని మీద. కానీ నా కాస్మోస్ సెలవులకి ఇంటికెళ్లి వచ్చేసరికి నీళ్లు లేక చచ్చిపోయింది. కాంక్రీట్ క్యూబుల మధ్య తుమ్మికి సెలవులున్నాయని కూడా తెలియదు. మన వాన, మన ఎండ, మన నాపరాతి నేల దానికి అలవాటు. గింజకి డబ్బు అక్కర్లేదు. ఇంకో కారణం మా రూమ్మేటే చెప్పింది. వాళ్లది సాగర్ అవతల, నల్గొండ వైపు. "ఓ, ఇదా! వినాయక చవితికి మా ఇంట్ల తుమ్మికూర వండుతరు" అంది. ఏటికి ఇవతల పువ్వు దేవుడికి, అవతల ఆకు కూరలోకి. ఒక మొక్కకి ఇన్ని ఇళ్లతో చుట్టరికం ఉంటే అది కలుపు ఎలా అవుతుంది?

ఇక మా ప్రయోగం, దాని గతి.

నిరుడు మార్గశిరంలో ఎండిన గుత్తులు కోసుకొచ్చి న్యూస్‌పేపర్ మీద దులిపాం. గోధుమరంగు గింజలు, నలుసంత. కాగితం కవర్లో పోసి తేదీ రాసి పెట్టాం. జూన్‌లో మొదటి మంచి వాన పడ్డాక, వర్క్‌షాప్ పక్కన పర్మిషన్ ఇచ్చిన జాగాలో నేల పైపైన గీరి, సగం గింజలు పొడి ఇసుకతో కలిపి చల్లాం. మట్టి కప్పలేదు, అంత చిన్న గింజ లోతుకి పోతే పైకి రాలేదు. చేత్తో అదిమి వదిలేశాం. ఎరువు లేదు, సెన్సర్ లేదు. మొలిచాక మొక్కకీ మొక్కకీ జానెడు ఉండేలా పలచన చేశాం. పక్కనే కొంచెం నేల బోసిగా వదిలాం, బొరియలు చేసుకునే తేనెటీగల కోసం. చేసిన పెద్ద పనల్లా వయ్యారిభామని పీకడం. క్యారెట్ ఆకులాగా చీలికలుంటే అది వయ్యారిభామ. సన్నటి ఆకులు ఎదురెదురుగా, కాండం పలకలుగా ఉంటే తుమ్మి. రెండింటికీ పూలు తెల్లనే కాబట్టి ఈ తేడా తెలియనివాళ్లు రెండూ పీకేస్తారు. ఆగస్టు చివరికి నలభైకి పైగా మొక్కలు పూశాయి.

సెప్టెంబరులో కాలేజీకి ఒక టీమ్ విజిట్ ఉంది. రెండు రోజుల ముందు క్యాంపస్ అంతా గడ్డి మిషన్ తిరిగింది. నేను ల్యాబ్ నుంచి బయటికి వచ్చేసరికి మా జాగా నున్నగా ఉంది, కోసిన తుమ్మి వాసన మాత్రం ఇంకా గాల్లో ఉంది. తోటపని చేసే బాబాయ్ పాపం చాలా బాధపడ్డాడు. "నాకేం తెలుసు తల్లీ, గడ్డి మొత్తం లేపెయ్యమన్నారు. ఒక బోర్డన్నా పెట్టుంటే చూసేవాణ్ణి గదా." ఆ తప్పు మాదే. పర్మిషన్ నోటిమాటగా తీసుకున్నాం, బోర్డు పెట్టలేదు. ఆఫీసులో అడిగితే "మళ్లీ మొలుస్తాయిలేమ్మా, గడ్డేగా" అన్నారు. ఆ మాట నన్ను బాగా గుచ్చింది. మళ్లీ మొలవదు. గింజ కట్టలేదు. ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్లే ఊరూరా గట్లు ఖాళీ అయ్యాయి. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

గోడ వారగా మిషన్ అందని చోట ఐదు మొక్కలు మిగిలాయి. ఈ కార్తీకంలో నాయనమ్మకి పూలు వాటి నుంచే. ఆమె ఒళ్లో పోస్తే ముందు సంతోషపడి, తర్వాత నా మొహం చూసి అడిగింది, "అన్నీ కోసుకొచ్చావా ఏంది? అట్టా కొయ్యమాక. విత్తనానికి ఉండనీయాల." బోటనీ చదవని మనిషి. మనందరికన్నా క్లియర్‌గా చెప్పింది.

మీరు అడగబోయే ప్రశ్నలు నాకు తెలుసు. పాములొస్తాయి కదా? మోకాలెత్తు కూడా దాటని మొక్క, సెంటు నేల, చుట్టూ నడిచే బాట శుభ్రంగా ఉంచుదాం, హాస్టల్ గుమ్మం దగ్గర వద్దు. దోమలు? దోమ గుడ్లు పెట్టేది నిలవ నీళ్లలో. లాన్ స్ప్రింక్లర్ కింద గుంటలు చూడండి ముందు. ఎండిపోయాక అసహ్యంగా ఉంటుంది? ఉంటుంది. డిసెంబరులో నెలరోజులు గోధుమరంగులో ఉంటుంది. కోతకొచ్చిన కందిచేను కూడా ఆ రంగులోనే ఉంటుంది, దాన్ని ఎవరూ అసహ్యం అనరు. బోర్డు మీద "గింజ కడుతోంది, కోయకండి" అని రాస్తే చూసేవాళ్ల కన్ను మారుతుంది.

బ్రిటన్‌లో ప్లాంట్‌లైఫ్ అనే సంస్థ 2019 నుంచి "మే నెలలో గడ్డి కోయొద్దు" అని ప్రచారం చేస్తోంది. మనవాళ్లు ఇన్‌స్టాలో అది షేర్ చేస్తుంటారు. పల్నాడులో మే నెలలో కోయడానికి ఏముంది, మన ఓపిక తప్ప? వాళ్ల క్యాలెండర్ వాళ్లది. మనది తొలకరితో మొదలై మార్గశిరంతో ముగియాలి. మన రాష్ట్రంలో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయంలో చేను చుట్టూ సరిహద్దు పంటలు వేయిస్తున్నారు, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లిస్తున్నారు. నేలని బోసిగా ఉంచొద్దనే ఆలోచన మన రైతులకి కొత్తేం కాదు. క్యాంపస్‌లకే ఇంకా రాలేదు.

నాన్న ఈ ఏడు ఒక గట్టు వదిలాడు. కొండ వైపు గట్టు. "ఆ ఒక్కటే. చేలోకి వస్తే మాత్రం పీకేస్తా" అన్నాడు. ఒప్పుకున్నా. కాలేజీ వదిలే సెంటు కోసం ఈసారి అర్జీ కాగితం మీద పెడుతున్నాం, బోర్డుతో సహా. సంతకాలకి క్లబ్ రూమ్‌కి రండి.

కోటప్పకొండ మీద కాకి వాలదంటారు. గొల్లభామ శాపం అని కథ చెప్తారు. కాకి వాలని కొండ మనకి గొప్ప. తేనెటీగ వాలని చేను మాత్రం ఏ దేవత శాపమూ కాదు, దాన్ని మనమే తెచ్చుకున్నాం కాబట్టి మనమే తీసెయ్యొచ్చు.

చల్లకుండా దాచిన సగం గింజలు, ఆ ఐదు మొక్కలవీ కలిపి నా దగ్గర అగ్గిపెట్టెడు ఉన్నాయి. ఇంటి దగ్గర గట్టు గానీ, దొడ్డి గానీ, ఎవరూ మిషన్ తిప్పని మూల గానీ ఉన్నవాళ్లు తొలకరికి ముందు అడగండి, తలా చిటికెడు ఇస్తా. ఒక్కటే షరతు. డిసెంబరు దాకా కోయకూడదు. ఎవరైనా తుమ్మితే మాత్రం చిరంజీవ అనడం మర్చిపోకండి.